"అన్నాడు" అనే మాట తప్పుకున్న చోట: గ్రీకు ట్రాజెడీ పుట్టుక

ట్రాజెడీకి తెలుగులో విషాదాంత నాటకం అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు పట్టుకుని గ్రీకు నాటకాల దగ్గరికి వెళితే మొదటి అడుగులోనే తడబడతాం. క్రీ.పూ. ఐదో శతాబ్దపు ఏథెన్స్ కవి ఈస్కిలస్ రాసిన 'ఒరెస్టెయా' మూడు నాటకాల వరస కాగడాల ఊరేగింపుతో, ఊరికి దీవెనలతో ముగుస్తుంది. అదే శతాబ్దపు కవి యూరిపిడీస్ 'హెలెన్'లో మొగుడూ పెళ్ళాలు క్షేమంగా ఓడెక్కి తప్పించుకుపోతారు. ఏథెన్స్‌వాళ్ళకు ఇవన్నీ ట్రాజెడీలే. ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ పండుగ పోటీలో, మాస్కులు పెట్టుకున్న నటులూ, పాడి ఆడే కోరస్ బృందమూ కలిసి ఎక్కువగా వీరగాథల్లోని గంభీరమైన కథను ఆడితే అది ట్రాజెడీ. చివర ఎవరు చచ్చారు, ఎవరు బతికారు అన్నది లక్షణంలోకి రాదు.

గ్రీకు మాట 'త్రగోదియా' మరీ చిక్కు. త్రగోస్ అంటే మేకపోతు, ఓడే అంటే పాట. మేకపోతు పాట ఎందుకైంది? మూడు సమాధానాలున్నాయి. పాటల పోటీలో గెలిచినవాడికి మేకపోతు బహుమానమని ఒకటి. పారోస్ ద్వీపంలో క్రీ.పూ. 264/3లో చెక్కించిన చలువరాతి శాసనం ఈ మాటే చెబుతుంది. మేకను బలిచ్చే చోట పాడిన పాట కాబట్టి అని రెండోది. మేకల వేషం కట్టిన సెటైర్లు, అంటే డయోనిసస్ వెంట తిరిగే సగం మనిషి సగం జంతువు పరివారం, పాడారు కాబట్టి అని మూడోది. ఈ మూడోది చాలాకాలం పుస్తకాల్లో ఏలింది కానీ దానికి పెద్ద అడ్డంకి ఒకటుంది. ఆ కాలపు ఏథెన్స్ కుండల మీద గీసిన సెటైర్లకు ఉన్నవి గుర్రం చెవులు, గుర్రం తోక. మేకకు అక్కడ చోటు లేదు. మొదటి రెంటికీ మాత్రం పేచీ లేదు. గెలిచిన మేకను ఆ దేవుడికే బలిచ్చి ఉండవచ్చు. నా లెక్కలో పేరు గురించి అంతకు మించి తవ్వడం వృథా. పేరు పండుగ ఎలా జరిగిందో చెబుతుంది గానీ నాటకం ఎలా పుట్టిందో చెప్పదు.

పుట్టుక గురించి ప్రతి చర్చా తిరిగి తిరిగి చేరేది తత్త్వవేత్త అరిస్టాటిల్ రాసిన కొద్ది వాక్యాల దగ్గరికే. డిథిరాంబ్ పాటను ఎత్తుకునేవాళ్ళ నుంచి ట్రాజెడీ వచ్చిందని ఆయన అన్నాడు. చిన్న కథల నుంచి, నవ్వు పుట్టించే మాటల నుంచి, సెటైర్ల ధోరణి నుంచి బయటపడి ఆలస్యంగా గాంభీర్యం తెచ్చుకుందన్నాడు. ఈస్కిలస్ నటులను ఒకరి నుంచి ఇద్దరు చేసి, కోరస్ వాటా తగ్గించి, మాటకు ప్రాధాన్యం ఇచ్చాడన్నాడు. తరవాతి కవి సోఫోక్లీస్ మూడో నటుణ్ణీ రంగస్థలం మీద బొమ్మల తెరలనూ తెచ్చాడన్నాడు. ఇంతే. ఆయన ఇది రాసినది క్రీ.పూ. నాలుగో శతాబ్దం రెండో సగంలో. మొదటి ట్రాజెడీలకు అప్పటికే రెండు వందల ఏళ్ళు. ఆయన ముందు మనకు లేని రాతలు ఉన్నమాట నిజమే. అయినా ఆ వాక్యాల్లో ఎంత సమాచారం, ఎంత ఊహ అన్నది విడదీసి చూడాలి.

డిథిరాంబ్ అంటే డయోనిసస్ కోసం గుంపుగా పాడి ఆడే పాట. క్రీ.పూ. ఏడో శతాబ్దపు కవి ఆర్కిలోకస్ తన పద్యంలో, ద్రాక్షసారా నెత్తికెక్కి పిడుగు పడ్డట్టున్నప్పుడు డయోనిసస్ పాటను ఎత్తుకోవడం తనకు తెలుసునని చెప్పుకున్నాడు. ఒకడు ఎత్తుకుంటాడు, గుంపు అందుకుంటుంది. డిథిరాంబ్‌ను కట్టి, దానికి పేరు పెట్టి, కొరింత్‌లో పాడించిన మొదటివాడు ఏరియన్ అని చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఏథెన్స్ ప్రజాస్వామ్యంలో పది తెగలూ పోటీకి దిగేవి. ఒక్కో తెగ నుంచి మగవాళ్ళ జట్టు ఒకటి, పిల్లల జట్టు ఒకటి, జట్టుకు యాభై మంది. అంటే ఒక్క పండుగలో వెయ్యి మంది గాయకులు. వాళ్ళు వలయంగా నిలబడి ఆడేవారు, మాస్కు లేదు. సన్నాయికున్నట్టు పీక ఉండే జంట గొట్టాల ఆవ్లోస్ వాద్యం వాళ్ళకు తోడు.

చిక్కు ఇక్కడే. డిథిరాంబ్ ట్రాజెడీగా మారిపోయి ఉంటే డిథిరాంబ్ మిగలకూడదు. అది మిగలడమే కాదు, ట్రాజెడీ పక్కనే అదే పండుగలో తరతరాలు వెలిగింది. ట్రాజెడీ కోరస్‌కు మాస్కులున్నాయి. అది వలయంగా కాక చదరపు వరసల్లో, పదిహేను మంది ఉన్న కాలంలో మూడు వరసలకు ఐదుగురు చొప్పున, కవాతులా లోపలికి వచ్చేది. కాబట్టి అరిస్టాటిల్ మాటలో బరువున్న ముక్క "డిథిరాంబ్" కాదనుకుంటాను. "ఎత్తుకునేవాళ్ళు" అన్న ముక్కే బరువైనది. గుంపుకు ఎదురుగా ఒకడు విడిగా నిలబడ్డాడు. అక్కడ విత్తనం ఉంది.

ఇంతకంటే గట్టి సాక్ష్యం నాటకాల భాషలోనే దొరుకుతుంది. నటులు మాట్లాడే భాగాలు ఏథెన్స్ వాడుక గ్రీకుకు దగ్గరగా ఉంటాయి. కోరస్ పాటలు డోరిక్ యాస, అంటే డోరియన్ తెగ గ్రీకుల మాటతీరు, పూసుకుని ఉంటాయి. అమ్మను నటుడు "మేతేర్" అంటాడు, కోరస్ "మాతేర్" అని పాడుతుంది. బృందగానం డోరియన్ ఊళ్ళలో, ముఖ్యంగా దక్షిణ గ్రీసులోని పెలొపొనీస్ వైపు, పెరిగిన కళ. సిసియోన్ ఊళ్ళో వీరుడు అద్రస్తస్ కష్టాలను ట్రాజిక్ కోరస్‌లతో కొలిచేవారనీ, అక్కడి నియంత క్లీస్తనీస్ ఆ కోరస్‌లను డయోనిసస్‌కు మళ్ళించాడనీ హెరోడోటస్ చెబుతాడు. ఏథెన్స్ కవులు ఆ బృందగానాన్ని తెచ్చుకుంటూ దాని యాసను కూడా ఉంచేశారు. మాటల భాగానికి ముడిసరుకు వేరే చోటిది. ఆరో శతాబ్దం మొదట్లోనే ఏథెన్స్ శాసనకర్త సోలోన్ ఒంటరిగా నిలబడి, ఊరిని ఉద్దేశించి ఐయాంబిక్, ట్రోకాయిక్ ఛందస్సుల్లో తన రాజకీయాన్ని సమర్థించుకున్నాడు. నాటకంలో సంభాషణ నడిచేది సరిగ్గా ఆ రెండు ఛందస్సుల్లోనే. ఐయాంబిక్ నడక మాటకు దగ్గర కాబట్టి చివరికి అది నిలిచిందని అరిస్టాటిల్ అంటాడు. ట్రాజెడీ ఒక వేరు నుంచి మొలిచిన చెట్టు కాదని ఈ అతుకు చెబుతోంది. రెండు పాత కళలను ఒకచోట కుట్టారు, కుట్టు ఇప్పటికీ కనిపిస్తోంది.

మూడో ముడిసరుకు హోమర్. పండుగల్లో హోమర్ కావ్యాలను గానం చేసే రాప్సోడ్‌లు ఆరో శతాబ్దంలో ఏథెన్స్ పనథేనియా ఉత్సవంలో వరసగా పాడేవారు. 'ఇలియడ్'లో దాదాపు సగం పాత్రల మాటలే. రాప్సోడ్ అఖిలీస్ కోపాన్ని అఖిలీస్ గొంతుతోనే పలుకుతాడు. కానీ ఆ పలుకు చివర "అని అఖిలీస్ అన్నాడు" అనే కొక్కెం ఉంటుంది. ఆ కొక్కేనికి తగిలించుకుని అతను మళ్ళీ కథకుడైపోతాడు. మనం వెతుకుతున్న మలుపు ఆ "అన్నాడు"ను తీసేసిన చోట ఉంది. ఒక మనిషి ముఖం కప్పుకుని వచ్చి, ఎవరి గురించీ చెప్పకుండా, తానే ఆ రాజునన్నట్టు మాట్లాడతాడు. ఎదురుగా ఉన్న బృందం అతన్ని రాజుగానే పలకరిస్తుంది.

ఆ పని చేసినవాడు థెస్పిస్ అని సంప్రదాయం. ఊరు ఇకారియా, ఏథెన్స్‌కు ఈశాన్యాన ద్రాక్షతోటల పల్లె. కోరస్ పాటలకు ఆయన ప్రోలోగ్ అనే ఆరంభ భాగాన్నీ మాటల ప్రసంగాన్నీ చేర్చాడని చెబుతారు. క్రీ.శ. పదో శతాబ్దపు బైజాంటియం నిఘంటువు సుడా ముఖం కప్పే పద్ధతికి మూడు మెట్లు చెబుతుంది: మొదట తెల్ల సీసపు పూత, తరవాత పాయలకూరలాంటి ఆకుల కప్పు, చివరికి నార గుడ్డ మాస్కు. వరస మరీ చక్కగా ఉందని అనుమానించవచ్చు గానీ, మాస్కుకు ముందు పూత ఉండడం నమ్మదగ్గదే.

థెస్పిస్ పేరు చుట్టూ పోగైన చెత్తను మాత్రం ఊడ్చేయాలి. బండి మీద ఊరూరా తిరిగి నాటకాలాడాడన్నది రోమన్ కవి హోరస్ మాట. డయోనిసస్ పండుగల్లో బండ్ల మీద నుంచి దారినపోయేవాళ్ళను ఎగతాళి చేసే ఆచారం ఒకటుండేది, అది ఇందులో కలిసిపోయి ఉంటుంది. థెస్పిస్ పేరుతో దొరికే పద్యాలను ఎవరూ నమ్మడం లేదు. హెరక్లైడీస్ అనే తత్త్వవేత్త తాను ట్రాజెడీలు రాసి థెస్పిస్ పేరు పెట్టాడని ప్రాచీనులే ఫిర్యాదు చేశారు. జీవితచరిత్రల రచయిత ప్లుటార్క్ చెప్పే కథ ప్రకారం, థెస్పిస్ ఆట చూసిన ముసలి సోలోన్, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలాడడానికి సిగ్గు లేదా అని అడిగాడు. ఇది ఆటేగా అని థెస్పిస్ అంటే, ఈ ఆటనే గౌరవిస్తే రేపు మన ఒప్పందాల్లోకి కూడా వస్తుందని కర్రతో నేలను కొట్టాడు. కథగా అద్భుతం. చరిత్రగా ఇబ్బంది, ఎందుకంటే థెస్పిస్ పోటీకి మామూలుగా ఇచ్చే తేదీ సుమారు క్రీ.పూ. 534, అప్పటికి సోలోన్ పోయి పాతికేళ్ళు.

ఆ 534 కూడా రాయి మీద గీత కాదు. తొలి ట్రాజెడీ కవులకు సుడా నాలుగేళ్ళ ఒలింపియాడ్‌ల లెక్కలో ఇచ్చే తేదీలను పక్కపక్కన పెట్టండి. థెస్పిస్ 61వ ఒలింపియాడ్, కొయిరిలస్ 64, ఫ్రినికస్ 67, ప్రటినస్ ఈస్కిలస్‌తో తలపడినది 70. ప్రతి అంతరం మూడు ఒలింపియాడ్‌లు, అంటే పన్నెండేళ్ళు. నిజమైన జీవితాలు ఇంత కొలతగా జరగవు. తరవాతి పండితుడెవరో పేర్లను వరసలో పెట్టి సమానంగా పంచాడని గ్రీకు సాహిత్య పండితుడు మార్టిన్ వెస్ట్ 1989లో చూపించాడు. ఏథెన్స్ నియంత పెయిసిస్ట్రాటస్ కాలంలోనే నగర డయోనిసియా (ఏథెన్స్‌లో జరిగే డయోనిసస్ పండుగ) పోటీ మొదలైందన్న నమ్మకం ఈ తేదీ మీదే నిలబడింది. ఏథెన్స్‌లో చెక్కిన విజేతల జాబితా మాత్రం ప్రజాస్వామ్యం వచ్చాక, సుమారు క్రీ.పూ. 500 ప్రాంతంలో మొదలైనట్టు కనిపిస్తుంది. పల్లెలో ఒక కళగా ఆరో శతాబ్దంలో, నగరం డబ్బు పెట్టి నడిపే పోటీగా ఆ శతాబ్దం చివర్లో: ఇలా రెండుగా చూస్తే సాక్ష్యాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా సర్దుకుంటాయి.

నటుడికి గ్రీకు మాట హిపోక్రిటేస్. జవాబు చెప్పేవాడని కొందరు, అర్థం విప్పేవాడని కొందరు. హోమర్‌లో ఆ ధాతువు కలలకూ శకునాలకూ అర్థం చెప్పడానికి వాడతారు. రెండు అర్థాలూ ఒకే పనిని చూపిస్తాయి: కోరస్ అడుగుతుంది, అతను చెబుతాడు.

ఒక్క నటుడితో నాటకం ఎలా నడుస్తుందో లెక్క వేస్తే మిగతా చరిత్ర అర్థమవుతుంది. అతను వస్తాడు, కోరస్‌తో మాట్లాడతాడు, వెళతాడు. కోరస్ పాడుతున్నంతసేపూ మాస్కూ బట్టలూ మార్చుకుని ఇంకొకడిగా వస్తాడు. రాజు వెళ్ళాక దూత వస్తాడు, దూత వెళ్ళాక రాణి వస్తుంది. కానీ రాజూ రాణీ ఎదురెదురుగా నిలబడి పోట్లాడలేరు. జరిగినది చెప్పడం తప్ప జరుగుతున్నది చూపించడం కుదరదు. అందుకే దూత ప్రసంగం ట్రాజెడీలో అంత పాత అవయవం. ముగ్గురు నటులు వచ్చాక కూడా చావులు చాలావరకు తెర వెనకే జరిగి దూత నోట వినిపించాయి. పాటకూ పాత్రకూ మధ్య వంతులు కూడా బట్టలు మార్చుకునే వ్యవధి మీద ఆధారపడ్డాయి. కోరస్ పాట కవిత్వమే కాక నటుడికి ఊపిరి తీసుకునే విరామం కూడా.

ఇద్దరు నటులతో ఆడదగ్గ నాటకాల్లో మనకు మిగిలినవాటిలో ఒకటి ఈస్కిలస్ 'పర్షియన్లు', క్రీ.పూ. 472. మిగిలిన ట్రాజెడీల్లో పాతది ఇదే. దాని ఖర్చు భరించిన పౌరుడు, తరవాత ఏథెన్స్ నాయకుడైన పెరిక్లీస్. నాటకం కోరస్ ప్రవేశంతో మొదలవుతుంది, ముందు ప్రోలోగ్ లేదు. పర్షియా రాణితో దూత, తరవాత రాణితో చనిపోయిన భర్త డేరియస్ ప్రేతం, చివర ఒంటరిగా చిరిగిన బట్టలతో కొడుకు జెర్క్సీస్. ఏ ఘట్టంలోనూ మాట్లాడే పాత్రలు రెండు దాటవు. రాణి, కొడుక్కి మంచి బట్టలు తెస్తానని లోపలికి వెళ్ళి మళ్ళీ రాదు. రాణి మాస్కు తీసిన నటుడే జెర్క్సీస్‌గా వచ్చాడన్నది దీనికి ఒక వివరణ.

మూడో నటుడితో ఏం మారిందో చూడాలంటే 'ఒరెస్టెయా' (458) చాలు. ట్రాయ్ యుద్ధం గెలిచిన రాజు అగమెమ్నోన్ రథం మీద వస్తాడు, పక్కన బందీగా ట్రాయ్ రాకుమారి కసాండ్రా. క్లితెమ్నెస్ట్రా భర్తతో మాట్లాడి ఎర్రని వస్త్రాల మీద నడిపించి లోపలికి తీసుకుపోతుంది. కసాండ్రా మూడు వందల పంక్తుల దాకా నోరు విప్పదు. ప్రేక్షకులకు లెక్క తెలుసు. ఇప్పటిదాకా మాట్లాడేవాళ్ళు ఇద్దరే, ఈమె మూగవేషం అనుకుంటారు. అంతలో ఆ మౌనం ఒక్క కేకగా పగులుతుంది. కొత్తగా చేతికి వచ్చిన మూడో గొంతును ఈస్కిలస్ దాచి దాచి వాడిన తీరు ఇది.

సోఫోక్లీస్ 'ఈడిపస్ రాజు'లో లెక్క ఇంకా బిగుసు. ఈడిపస్, అతని భార్యా నిజానికి కన్నతల్లీ అయిన జొకాస్టా, కొరింత్ దూత ముగ్గురూ ఒకేసారి వేదిక మీద ఉంటారు. నిజం పసిగట్టిన జొకాస్టా, ఇక వెతకవద్దని బతిమాలి లోపలికి పరుగెడుతుంది. ఈడిపస్, దూత అక్కడే ఉంటారు. కోరస్ చిన్న పాట పాడుతుంది. ముసలి గొర్రెల కాపరి వస్తాడు. నటులు ముగ్గురే కాబట్టి కాపరి మాస్కు వెనక ఉన్నవాడు జొకాస్టా ఆడినవాడే కావాలి, ఇంకో దారి లేదు. చెప్పవద్దని ఏడ్చిన గొంతే ఇప్పుడు చెప్పక తప్పక చెబుతుంది. నాటకాన్ని కాగితం మీద చదివేటప్పుడు పాత్రలను ఇలా నటులకు పంచి చూడండి, కనబడని కీళ్ళు బయటపడతాయి.

నటులు పెరుగుతూ పోతే కోరస్ తరుగుతూ పోయిందన్న సూటి గీతను మాత్రం నమ్మకూడదు. ఈస్కిలస్ 'శరణార్థినులు' నాటకంలో సగానికి పైగా పంక్తులు కోరస్‌వే, కథానాయిక కూడా కోరసే. ఇంత "పాత" రూపం ఉంది కాబట్టి ఇదే అన్నిటికంటే పాతదని పండితులు తరాలపాటు బోధించారు. 1952లో ఈజిప్టులోని ఆక్సిరింకస్ నుంచి వచ్చిన చిన్న పపైరస్ ముక్క అచ్చయింది. ఆ నాటకాల జట్టుతో ఈస్కిలస్ గెలిచినప్పుడు ఓడినవాళ్ళలో సోఫోక్లీస్ ఉన్నాడని అందులో ఉంది. సోఫోక్లీస్ మొదటి గెలుపు 468. అంటే నాటకం 460లది అయ్యే అవకాశమే ఎక్కువ, 'పర్షియన్లు' కంటే తరవాతిది. కథ శరణు కోరిన ఆడపిల్లలది కాబట్టి కవి కోరస్‌ను పెద్దది చేశాడు, అంతే. పాతగా కనబడేది పాతదే కానక్కరలేదన్న ఈ దెబ్బ ట్రాజెడీ పుట్టుక మీద రాసే ప్రతివాళ్ళూ తగిలించుకోవాల్సినది.

మాస్కు నటుడికి ఇచ్చినదీ తీసుకున్నదీ రెండూ పెద్దవే. గట్టిపరచిన నార గుడ్డతో చేసి, జుట్టుతో సహా తలంతా టోపీలా కప్పేది. అందుకే ఒక మగవాడు పూటలో రాణి, దూత, దేవుడు కాగలిగాడు. మొదటిసారి స్త్రీ మాస్కు వాడినవాడు ఫ్రినికస్ అని సుడా అంటుంది. ఆ మాస్కుల్లో ఒక్కటీ మిగల్లేదు, గుడ్డ కుళ్ళిపోతుంది, క్రీ.పూ. 400 ప్రాంతపు ప్రొనోమోస్ కుండ మీద నటులు మాస్కులు చేత్తో పట్టుకున్న బొమ్మ మనకు పెద్ద ఆధారం. మందపాటి అట్టల ఎత్తు బూట్లు ఈ కాలానివి కావు, శతాబ్దాల తరవాతివి. ఐదో శతాబ్దపు నటుడు మెత్తని తోలు బూటుతో ఆడాడు.

మాస్కు వల్ల కలిగే నష్టం: ముఖం కదలదు, ఏ నోరు మాట్లాడుతోందో దూరానికి తెలియదు. కవులు దానికి మందు మాటల్లో పెట్టారు. ఎవరైనా వస్తుంటే "ఇదిగో క్రియోన్" అని కోరస్ చెబుతుంది. ఏడుస్తున్నావేమని ఒకరు అడుగుతారు, అప్పుడు మనకు కన్నీళ్ళు "కనిపిస్తాయి". ఇద్దరు ఒక్కొక్క పంక్తి చొప్పున మార్చి మార్చి కొట్టుకునే సంభాషణలో వంతు ఎవరిదో చెవికే తెలుస్తుంది.

బరువంతా గొంతు మీద పడింది. కొండవాలున కూర్చున్న వేలమందికి వినబడాలి, మాటా పాటా రెండూ రావాలి, ఒక్క స్వరం జారినా పట్టుకునే చెవులున్నాయి. 408లో యూరిపిడీస్ 'ఒరెస్టెస్' ఆడుతూ హెగెలోకస్ అనే నటుడు "అలల తరవాత మళ్ళీ ప్రశాంతత చూస్తున్నాను" అనాల్సిన చోట ఊపిరి తెగి స్వరం తప్పాడు. 'గలేన' చివరి అచ్చు లోపించి 'గలేన్' అయ్యే చోటది. స్వరం పైకి ఉంటే ప్రశాంతత, దొర్లి దిగితే వీజిల్ అనే ఎలుకల వేటగాడు. "మళ్ళీ వీజిల్‌ను చూస్తున్నాను" అని వినిపించింది. హాస్య కవులు ఏళ్ళ తరబడి అతన్ని వదల్లేదు.

తొలి కవులు తామే నటించారు. థెస్పిస్, ఈస్కిలస్ అలాగే. గొంతు చాలక సోఫోక్లీస్ నటన మానేశాడని ఆయన జీవితకథ చెబుతుంది. కవి వేరు, నటుడు వేరు అయిన ఆ చీలికను నగరం కూడా ఒప్పుకుంది: సుమారు 449 నుంచి ఉత్తమ నటుడికి విడిగా బహుమతి. నటులకు నగరమే జీతమిచ్చి, ఏ కవికి ఏ ప్రధాన నటుడో చీటీ వేసి పంచేది, లేకుంటే మంచి గొంతు కొనుక్కున్నవాడే గెలుస్తాడు. కోరస్ ఖర్చు మాత్రం ధనికుడైన ఒక పౌరుడి నెత్తిన పడేది. లిసియాస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో కక్షిదారు తన ట్రాజెడీ కోరస్‌కు 3000 ద్రాక్మాలు అయ్యాయని లెక్క చెప్పాడు. ఆ రోజుల్లో పనితనమున్న కూలీకి రోజుకు ఒక ద్రాక్మా.

386లో పాత ట్రాజెడీలను మళ్ళీ ఆడడం నగర పండుగలోకి వచ్చింది. చనిపోయిన కవి పాఠం నటుడి చేతికి చిక్కింది. తమకు నప్పే ప్రసంగాలు పెంచుకున్నారు, కలిపారు, మార్చారు. యూరిపిడీస్ నాటకాల్లో అలా చొరబడ్డ పంక్తులను సంపాదకులు ఇప్పటికీ ఏరుతున్నారు. ఇప్పుడు కవుల కంటే నటులకే బలం ఎక్కువని అరిస్టాటిల్ రాసినది ఈ పరిస్థితినే. 330ల ప్రాంతంలో ఏథెన్స్ రాజకీయవేత్త లైకర్గస్ చట్టం తెచ్చాడు: ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్ నాటకాల అధికార ప్రతులు ప్రభుత్వ భాండారంలో ఉండాలి, నగర గుమాస్తా వాటిని నటులకు చదివి వినిపించాలి, అందులో లేని మాట వేదిక మీద పలకకూడదు.